చేతులు చూపించమనే లీదియా సిస్టర్

మా క్రెష్‌లో పిల్లలు పొద్దున్నే గుడ్ మార్నింగ్ చెప్పరు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, రెండు చేతులూ ముందుకు చాపి నిలబడతారు. లీదియా సిస్టర్ కళ్ళజోడు పైకి జరుపుకుని ముందు గోళ్ళు చూస్తారు, ఆ తర్వాతే ముఖం చూస్తారు. "నోరు అబద్ధమాడుతుందేమో గానీ గోళ్ళు ఆడవండీ" అంటారు. మొదట్లో నేను దీన్ని ముసలి చాదస్తం కింద జమకట్టాను. ఇప్పుడు ఆవిడ గురించి రాయడానికి కూర్చున్నాను కాబట్టి ఆ చాదస్తం ముందు నేనెలా తలవంచానో కూడా రాయక తప్పదు. పరువు పోయే సంగతే అయినా ఒకసారి పోయిందే కదా, ఇంకా దాచుకోవడం దేనికి?

నా పేరు హరిత. మాది ధర్మవరం. నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీముకి లీడ్‌ని. అంటే, వేరేవాళ్ళు రాసిన దాంట్లో తప్పులు పట్టడం నా వృత్తి. ఆ పని నేను చాలా బాగా చేస్తానని నాకు పేరుంది, గర్వమూ ఉంది. మా వారు భరత్, మా అత్తగారు ఈశ్వరమ్మ, నాలుగేళ్ళ మా పాప రసజ్ఞ, నేను తెల్లాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో ఉంటాం. పాప పగలంతా మా ఆఫీసు భవనం కింది అంతస్తులోని క్రెష్‌లో ఉంటుంది. అక్కడ మొత్తం ఇరవై రెండు మంది పిల్లలు, ముగ్గురు ఆయాలు, మేనేజరు ఉదయశ్రీ, నర్సు లీదియా సిస్టర్.

సిస్టర్‌ది నరసాపురం వైపు. మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని, ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పనిచేశారు. అందులో ఆరేళ్ళు పోలవరం ఏజెన్సీ కొండల్లో. పిల్లల పొట్ట నొక్కి చూసి, కళ్ళ కింది రెప్ప లాగి చూసి, లోపల ఏ పురుగు కాపురం ఉందో సగం అక్కడే చెప్పేయడం అలవాటైంది. ఉద్యోగం అయిపోయాక, హిందీ పండితుడిగా రిటైరైన భర్త ప్రభుదాస్ గారితో కలిసి నల్లగండ్లలో కూతురు దీవెన ఇంటికి వచ్చారు. మనవడు బడికి వెళ్ళడం మొదలుపెట్టగానే ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఈ క్రెష్‌లో చేరారు. రోజూ పొద్దున్న ప్రభుదాస్ గారు పాత స్కూటరు మీద దింపి వెళతారు. కంపెనీ బొమ్మ ఉన్న నీలం చొక్కా ఆవిడకు బొత్తిగా నప్పదు. "ఈ బొమ్మ గుడ్డ తప్ప ఉద్యోగం అంతా పాతదేనండి" అని నవ్వుతారు.

ఇక గోళ్ళ సంగతి. మా అత్తగారి లెక్క ప్రకారం మంగళవారం, శుక్రవారం గోళ్ళు తీయకూడదు. శనివారం అసలే కూడదు. రసజ్ఞ గురువారం పుట్టింది కాబట్టి, పుట్టిన వారం కూడదు. దీపం పెట్టాక ఏ వారమైనా కూడదు. మిగిలినవి సోమ, బుధ, ఆదివారాలు. సోమ, బుధవారాల్లో నేను ట్రాఫిక్ ఈదుకుంటూ ఇల్లు చేరేసరికి దేవుడి గదిలో దీపం వెలుగుతూ ఉంటుంది. ఆదివారం నాకే మతి ఉండదు. అలా మా పాప గోళ్ళు ఎప్పుడూ ఒక వారం ఆలస్యంగానే ఉండేవి. సిస్టర్ రోజూ చూసేవారు, రోజూ డైరీలో "గోళ్ళు తీయగలరు" అని రాసేవారు. క్రెష్‌లోనే తీయించుకోవడానికి ఒక ఫారం ఉంది. తల్లిదండ్రులు సంతకం పెడితే ఆయా తీస్తుంది. ఆయా చేతిలో నా బిడ్డ వేళ్ళు పెడతానా? "వద్దు" అన్న గడిలో టిక్కు పెట్టి ఇచ్చాను.

నవంబరులో ఒక సోమవారం మధ్యాహ్నం పిల్లలు నిద్ర లేచాక, సరిత అనే ఆయా ఒక బాబుకి బట్టలు మారుస్తోంది. లోదుస్తుల్లో తెల్లటి సన్నటి దారప్పోగు కనిపించింది. దులిపేయబోతే అది కదిలింది. సరిత వెంటనే సిస్టర్‌ని పిలిచి చూపించింది. కావాలంటే గుడ్డ ఉతికి ఆరేసి ఊరుకోవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. ఆమె అలా చేయలేదు. సిస్టర్ చూసి నులిపురుగని చెప్పి, ఆ బాబు తల్లికి మాత్రం చాటుగా చెప్పారు. మిగతా అందరికీ ఉదయశ్రీ ఆ బాబు పేరు చెప్పకుండా ఒక మెసేజ్ పంపింది: ఒక బాబుకి నులిపురుగులు కనిపించాయి, మీ పిల్లలనూ ఒకసారి చూసుకోండి.

చూసుకోవడమా! క్రెష్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఇరవై రెండు కుటుంబాలూ ఒక్కసారిగా లేచాయి. అసలు ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి, ఎవరు తెచ్చారు? అందరికంటే పెద్ద మెసేజ్ నాదే. అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "మన ఇళ్ళల్లో ఇలాంటివి ఉండే ఛాన్సే లేదు. స్టాఫ్ ఏ బస్తీల నుంచి వస్తున్నారో, అక్కడ బాత్రూములు ఎలా ఉంటాయో మేనేజ్‌మెంట్ చూసిందా? ముందు ఆయాలకు స్టూల్ టెస్టు చేయించండి." పదిహేడు మంది బొటనవేలు ఎత్తారు. తప్పు పట్టేశానన్న తృప్తితో కాఫీ తాగాను.

అప్పటికి మూడు వారాలుగా రసజ్ఞ రాత్రిళ్ళు నిద్రలో కదులుతోంది, పళ్ళు కొరుకుతోంది, వెనక గోక్కుంటోంది. ఆ మాట గ్రూపులో రాయలేదు. ఒంట్లో వేడి చేసిందని అత్తగారు సబ్జా నీళ్ళు తాగించి కొబ్బరి నూనె రాశారు. నేనూ నిజంగానే వేడి అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను అంటే సరిగ్గా ఉంటుంది.

బుధవారం ఆయాల రిపోర్టులు గ్రూపులోకి వచ్చాయి. ఇద్దరికి ఏమీ లేదు. సరిత రిపోర్టులో మాత్రం పురుగు గుడ్లు ఉన్నాయని రాశారు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, పురుగును పట్టిచ్చిన మనిషి మీదే పడింది. ఆ సాయంత్రం నేను పాపను తీసుకెళ్ళడానికి దిగేసరికి ఆఫీసు గదిలో ఉదయశ్రీ, సిస్టర్, సరిత ఉన్నారు. తలుపు తీసే ఉంది. గ్రూపులో గట్టిగా మాట్లాడిన మనిషినని ఉదయశ్రీ నన్నూ లోపలికి పిలిచింది.

సరిత గోపన్‌పల్లిలో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉంటుంది. ఊరు పరిగి దగ్గర. భర్త లేడు. కూతురు ఇంటర్ చదువుతోంది. గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"సోమవారం దాకా ఇంటి దగ్గర ఉండు సరితా. పేరెంట్స్ బాగా ప్రెజర్ పెడుతున్నారు. సోమవారం డిసైడ్ చేద్దాం" అంది ఉదయశ్రీ.

"ఇంటికాడ ఉండుమంటే ఇగ రావొద్దనే కదా మేడం. నేనే పిలిచి సూపెట్టిన. సూపెట్టకపోతే అయిపోతుండె. పురుగు తెచ్చిందని తీసేసిన్రంటే ఇగ ఏ ఇంట్ల రానిస్తరు నన్ను?"

సరిత ఏడవలేదు. నన్ను ఒకసారి చూసి కళ్ళు తిప్పుకుంది. మెసేజ్ ఎవరిదో ఆమెకు తెలుసని నాకు అర్థమైంది.

సిస్టర్ రిపోర్టు తీసుకుని, చేయంత దూరంలో పెట్టి చదివి, బల్ల మీద పరిచారు. గొంతు పెంచలేదు. చంటిపిల్లకి మందు ఎలా పట్టాలో చెప్పే తల్లిలా తాపీగా మాట్లాడారు.

"ఉదయశ్రీ గారూ, ఇందులో హుక్‌వర్మ్ అని రాశారు, అంటే కొంకిపురుగండి. ఆ బాబుకి దొరికింది నులిపురుగు. రెండూ పురుగులేనని ఒకటే గాటన కట్టేస్తే ఎలాగండి? కొంకిపురుగు గుడ్లు మలంతో బయటికి పోయి, తడిమట్టిలో పడాలి. అక్కడ పొదిగి, కంటికి కనపడనంత పిల్లపురుగై, చెప్పుల్లేని కాలు తగిలితే చర్మంలోంచి దూరుతుంది. రక్తంలో పడి, ఊపిరితిత్తుల మీదుగా గొంతులోకొచ్చి, మింగితే పేగులో దిగి, గోడ పట్టుకుని రక్తం పీలుస్తుంది. చేతిలోంచి చేతికి రాదు. ఈ ఏసీ గదిలో, ఈ నున్నటి గచ్చు మీద దానికి బతుకే లేదండి. సరితా, నాట్లకి ఊరెళతావు కదూ?"

"ఏడాదికి పది దినాలు పోత సిస్టర్. అన్న పొలంల నాట్లేస్తం."

"చెప్పుల్లేకుండా?"

"బురదల చెప్పులేసుకొని ఎవరేస్తరు సిస్టర్?"

"చూశారా. ఇది ఆ బురదదండి. మరి నులిపురుగు సంగతి వినండి. దీనికి మట్టి అక్కర్లేదు. కుక్క, పంది, ఏదీ అక్కర్లేదు. మనిషి పొట్ట తప్ప దానికి ఇంకో ఇల్లు లేదు. గోరు కింద గుడ్డు నోట్లోకి పోతుంది. చిన్నపేగులో పొదిగి, మెల్లగా జారి, పెద్దపేగు మొదట్లో కాపురం పెడుతుంది. పెరిగి పెద్దదవడానికి నెల, నెలన్నర. అప్పుడు ఆడపురుగు పిల్లలు నిద్రపోయాక బయటికొచ్చి, ఆసనం చుట్టూ వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. అదే దురద. పిల్ల నిద్రలో గోక్కుంటుంది. ఆరు గంటలు తిరక్కుండానే ఆ గుడ్లు మళ్ళీ ఇంకో పొట్టకి సిద్ధం. గోటిలోంచి తన నోట్లోకి, బొమ్మ మీదికి, పక్క పిల్ల నోట్లోకి. దుప్పటి దులిపితే గాల్లోకి."

ఆవిడ గోడ మీది క్యాలెండరు తీసి బల్ల మీద పెట్టారు.

"సరిత చంటిపిల్లల గది నుంచి ఈ పెద్దపిల్లల గదికి ఎప్పుడొచ్చింది?"

ఉదయశ్రీ వేలితో లెక్కపెట్టింది. "పురుగు కనిపించిన రోజుకి పన్నెండు రోజులు."

"బాబు గుడ్డలో దొరికింది పూర్తిగా పెరిగిన ఆడపురుగండి. తక్కువలో తక్కువ దానికి నెల వయసు. సరిత ఈ గదిలో కాలు పెట్టేనాటికే అది ఆ పొట్టలో ఉంది. పురుగు వయసే సాక్ష్యం చెబుతుంటే ఇంకెవరు చెప్పాలండి?"

నేను పాపను ఎత్తుకుని వింటున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేయి దానంతటదే పాప వేళ్ళను మూసి పిడికిలి చేసింది. సిస్టర్ చూశారో లేదో తెలియదు. నేను మాత్రం నోరు తెరవలేదు. సిగ్గనిపించింది, అంతకంటే ఎక్కువ భయమనిపించింది.

ఉదయశ్రీ నిట్టూర్చింది. "మీరు చెప్పింది లాజికే సిస్టర్. కానీ గ్రూపులో లాజిక్ పనిచేయదు. ఈ రిపోర్టులో పాజిటివ్ అని ఉంది. వాళ్ళ నోరు మూయించాలంటే దీనికి జవాబుగా ఇంకో రిపోర్టు కావాలి."

"అయితే కాగితమే తెస్తానండి" అన్నారు సిస్టర్.

నులిపురుగు గుడ్లు మలం పరీక్షలో చాలాసార్లు దొరకవట. పొద్దున్నే, ఒంటికి నీళ్ళు తగలకముందు, ఆసనం దగ్గర పారదర్శకమైన టేపు అంటించి తీసి, దాన్ని గాజుపలక మీద అతికించి సూక్ష్మదర్శినిలో చూడాలి. సిస్టర్ గురువారం కూర్చుని ఇరవై ఒక్క పొట్లాలు కట్టారు. ఆ బాబుకి అప్పటికే మందు పడింది కాబట్టి మిగతా ఇరవై ఒక్క మందికి. ఒక్కో పొట్లంలో టేపు, గాజుపలక, ఎర్ర సిరాతో రాసిన చీటీ. "కడగకముందే" అన్న మాట కింద రెండు గీతలు. సరితనీ ఇంటి దగ్గర అదే పని చేయమన్నారు.

శుక్రవారం అందరం పలకలు తెచ్చి ఇచ్చాం. చందానగర్‌లో చిన్న ల్యాబు నడిపే కిరణ్ పాల్ అనే కుర్రాడు సాయంత్రానికల్లా చూసి పెట్టాడు. ఒక్కదాంట్లోనూ గుడ్లు లేవు. గ్రూపులో పండగే. చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. మన పిల్లలంతా శుభ్రం, ఇక పాజిటివ్ ఉన్నది ఒక్కరికే కదా, సోమవారం సంగతి తేల్చేయండి అని ఒకాయన రాశారు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఏడు గంటలకి సిస్టర్ ఫోన్ చేశారు.

"హరిత గారూ, కిరణ్ పాల్ ఒక తమాషా చెప్పాడండి. ఇరవై ఒక్క పలకల్లో పంతొమ్మిదింటి మీద బేబీ పౌడరు ఉందట."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"పిల్లకి స్నానం చేయించి, పౌడరు రాసి, అప్పుడు టేపు వేశారన్నమాట. మా పల్లె తల్లులూ ఇంతేనండి, సూదిమందుకి తీసుకొచ్చినా తలంటి, బొట్టుపెట్టి తీసుకొచ్చేవారు. కడగని పిల్లని పరాయివాళ్ళకి ఎవరు చూపిస్తారు? కానీ ఆ గుడ్లు పొద్దుటి మొదటి చెంబు నీళ్ళతోనే పోతాయండి. రేపు పొద్దున్న మీ ఇంటికి వస్తాను. పాప లేవకముందే."

"మా ఇంటికే ఎందుకు సిస్టర్?"

"అందరికంటే గట్టిగా అడిగింది మీరే కదండీ."

శనివారం ఆరుగంటలకు స్కూటరు మా గేటు దగ్గర ఆగింది. ప్రభుదాస్ గారు కిందే సెక్యూరిటీ వాళ్ళతో కూర్చున్నారు. సిస్టర్ పైకి వచ్చేసరికి మా అత్తగారు స్నానాల గదిలో వేడినీళ్ళు పట్టి, తువ్వాలు భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఇదేందమ్మా, పాచిమొగంతో ఉండే బిడ్డను చూస్తానంటాండావు? రెండు చెంబులు పోసేస్తాను, అయినంక చూస్కో" అన్నారు అత్తగారు.

"ముప్పై ఏళ్ళు నేను చూసినవన్నీ పాచిమొహాలేనమ్మా. మీ చెంబు ఒక్క ఐదు నిమిషాలు ఆగితే, ఒక మనిషి కూడు నిలబడుతుందమ్మా" అన్నారు సిస్టర్.

ఆ మాటతో అత్తగారు తువ్వాలు కుర్చీ మీద వేశారు. సిస్టర్ నిద్రలో ఉన్న పాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పాప లేవకుండానే పని ముగించారు. టేపు తీసి పలకకి అంటించి, పేరు రాయకుండా ఒక అంకె వేశారు. నేను అలవాటుగా దుప్పటి తీసి దులపబోతే చేయి పట్టుకున్నారు. "మడిచి, నేరుగా వేడినీళ్ళలో వేయండి." తర్వాత నాకూ అత్తగారికీ ఒక్కో పలక ఇచ్చి, బాత్రూము వైపు చూపించారు. నాకెందుకన్నాను. "పాప మీ పక్కనే పడుకుంటుంది కదండీ" అన్నారు.

పదకొండింటికి ఫోన్ వచ్చింది. అత్తగారి పలక మీద ఏమీ లేదు. రసజ్ఞ పలక నిండా గుడ్లు, ఒక పక్క బల్లపరుపుగా, ఒక పక్క ఉబ్బి, గింజల్లా. నా పలక మీద కూడా ఉన్నాయి, ఏడు. "మన ఇళ్ళల్లో ఉండే ఛాన్సే లేదు" అని రాసిన మనిషి పొట్టలోనే కాపురం.

"కంగారు పడకండి. ఇది రోగమంటే రోగం కాదు, పిల్లలున్న ఇంట్లో జలుబు లాంటిది. డాక్టరు గారు మాత్ర రాసిస్తారు. ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవాలి, రెండు వారాలకి మళ్ళీ వేసుకోవాలి. మాత్ర పురుగును చంపుతుంది గానీ గుడ్డును చంపదు. గోళ్ళు పొట్టిగా, లేవగానే స్నానం. అంతేనండి" అన్నారు సిస్టర్.

"గ్రూపులో పెడతారా?" అని అడిగాను.

"నేను పేరు చెప్పనండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తల్లిని పదిమంది ముందు కోప్పడ్డాను, పిల్లని ఇంత మురికిగా ఉంచుతావా అని. ఆవిడ మళ్ళీ కేంద్రం మొహం చూడలేదు. ఆ పిల్ల ఏమైందో నాకు ఈ రోజుకీ తెలియదు. అప్పట్నుంచి ఎవరి పేరూ నా నోటి నుంచి రాదు. ఎవరికో ఒకరికి పాజిటివ్ వచ్చిందని ఉదయశ్రీ గారికి రాసిస్తాను. దాన్ని ఆవిడ నమ్ముతారు, గ్రూపు నమ్మదు. మీ పేరు నా దగ్గర భద్రమండి. సరిత పేరు మాత్రం నాలుగు రోజుల నుంచి అందరి ఫోన్లలో ఉంది."

తిట్టి ఉంటే బాగుండేది. తిరిగి తిట్టి తప్పించుకునేదాన్ని.

మధ్యాహ్నం ఊరి నుంచి వచ్చిన భరత్ సంగతి విని, "మందు వేసుకుంటే అయిపోయేదానికి ఊరంతా చాటడం దేనికి? వదిలెయ్" అన్నాడు. నాకూ అదే కావాలి. ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్ళు ఇద్దరు ఆ గ్రూపులో ఉన్నారు. రాస్తే సోమవారం వాళ్ళ ముఖాలు ఎలా చూడాలి? రాయకపోతే సోమవారం సరిత ఉద్యోగం పోతుంది. సాయంత్రం దాకా ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగాను.

అత్తగారు వంటగదిలోంచి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. ఇరవై ఏళ్ళు ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపిన మనిషి. బేరంలో ఎన్నడూ ఒక మెట్టు దిగిన పాపాన పోలేదు.

"బిడ్డ గోళ్ళు తీయనీయకుండా వారాలు లెక్కబెట్టింది నేను. వేడని నూనె పూసింది నేను. రాయి. నా పేరు గూడా రాయి. ఆయమ్మకూ ఆడబిడ్డ ఉండాది" అన్నారు.

రాశాను. "సరితకు వచ్చిన పురుగు వేరు. అది పిల్లలకు అంటేది కాదు. పిల్లల్లో ఉన్న పురుగు మా పాపకు ఉంది, నాకూ ఉంది. పాప మూడు వారాలుగా గోక్కుంటోంది, నేను దాచాను. నిన్న నేనిచ్చిన పలక స్నానం చేయించాక తీసింది. ఆయాలను పరీక్ష చేయించమని అడిగిందీ నేనే. సరితకు క్షమాపణ చెబుతున్నాను. రేపు పొద్దున్న మీ పిల్లలకు కడగకముందే టేపు వేయండి." పంపాక ఫోన్ బోర్లా పెట్టాను.

పావుగంటకి ఒకావిడ రాసింది: మా బాబుకీ దురద ఉంది, వేడి అనుకున్నాం. ఆ వెనకే ఇంకొకరు, ఇంకొకరు. హైదరాబాద్‌లో అంత మందికి ఒకేసారి వేడి చేసిందని నాకు ఆ రోజే తెలిసింది. ఆదివారం పొద్దున్న కడగని పిల్లల పలకలు ఇరవై వచ్చాయి. తొమ్మిదింటి మీద గుడ్లు ఉన్నాయి. సరిత మూడు రోజులు వరసగా ఇచ్చిన పలకల మీద ఒక్కటీ లేదు. ఉదయశ్రీ ఆ కాగితాలన్నీ గ్రూపులో పెట్టి, నా మెసేజ్ సరితకు పంపి, తనే ఫోన్ చేసింది.

సరిత పురుగును సిస్టర్ అంతటితో వదల్లేదు. ఏడాదిగా ఆమె మెట్లెక్కుతూ ఆయాసపడుతుంటే ఎవరమూ ఎందుకని అడగలేదు. సిస్టర్ దవాఖానకు తీసుకెళ్ళి రక్తం చూపిస్తే, ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది. పురుగు మందు, ఐరన్ మాత్రలు రాయించారు. "నీ రిపోర్టు నీకు మేలే చేసిందమ్మా. లేకపోతే ఇంకో రెండేళ్ళు ఇలాగే పీల్చేసేది" అన్నారట.

సోమవారం నేను సరితను కలిసి, మెసేజ్‌లో రాసిందే నోటితో చెప్పాను. ఆమె చీపురు పక్కన పెట్టి విన్నది.

"గ్రూప్ల పెట్టిన్రు కదా మేడం, మంచిగైంది. మా బిడ్డ గూడ సదివింది. గని నా గురించి రాసినప్పుడు జర సోచాయిస్తే ఈ నాలుగు దినాల పరేషాన్ ఉండకపోతుండె."

ఔనన్నాను. ఆమె నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

శుక్రవారం పొద్దున్న పాపను దింపడానికి వెళ్ళినప్పుడు ఆ పాత ఫారం అడిగి తీసుకుని, "వద్దు" అన్న టిక్కు కొట్టేసి, "సరే" అన్న చోట సంతకం పెట్టాను. గుమ్మంలో రసజ్ఞ రెండు చేతులూ చాపి నిలబడింది. సిస్టర్ వేరే పిల్లకి మందు పడుతూ, సరితను చూడమని సైగ చేశారు. సరిత పాప వేళ్ళు చూసింది.

"ఇయ్యాల శుక్కురవారం మేడం. మీ అత్తమ్మకు ఫికర్ గాదా?"

"ఆవిడే పంపించింది. తీసెయ్యి."

సరిత కింద కూర్చుని, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పది వేళ్ళకీ నింపాదిగా గోళ్ళు తీసింది. ముక్కలన్నీ కాగితంలో పొట్లం కట్టింది. పాప చేతులు సబ్బుతో కడిగి లోపలికి పంపింది. నేను బ్యాగు భుజాన వేసుకుని లిఫ్టు వైపు తిరిగాను.

"మేడం" అంది సరిత వెనక నుంచి.

తిరిగి చూశాను. చేతిలో ఇంకా గోళ్ళ కత్తెర ఉంది. నవ్వట్లేదు, కోపంగానూ లేదు.

"మీయి గూడ సూపెట్టుండ్రి."

నెయిల్ పాలిష్ వేసుకుని పెంచుకున్న నా గోళ్ళు సగం అంగుళం ఉన్నాయి. వెనక లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, అందులో మా టీము వాళ్ళు ఉన్నారు. బ్యాగు కింద పెట్టి, పిల్లలు నిలబడే చోటే నిలబడి, రెండు చేతులూ చాపాను.